నాటడం ఎవరికి నేర్పుతున్నారు?

పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు... ఏ ఏజెన్సీకి వెళ్లినా అడవిని బాగుచేయడం మీద ఒక శిక్షణ తరగతి జరిగే ఉంటుంది. షామియానా, బ్యానరు, హాజరు పట్టీ, మధ్యాహ్నం భోజనం, చివర గ్రూపు ఫొటో. ఈ తంతు మొదలై ముప్పై ఏళ్లు దాటింది. దానివల్ల అడవికి ఒరిగిందేమిటని అడిగితే జవాబు చెప్పేవాళ్లు రెండు జట్లుగా ఉంటారు, ఒక జట్టు మాట రెండో జట్టు వినదు. అందుకని ఇద్దర్ని ఒకే ఇంటి వసారాలో కూర్చోబెట్టాను. మావయ్య రేంజ్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు, ఊళ్లలో శిక్షణలు పెట్టించడం ఆయన ఉద్యోగంలో ఆయనకు నచ్చిన భాగం. మేనకోడలు లా చదివి, అటవీ హక్కుల దరఖాస్తుల పని మీద గ్రామసభల చుట్టూ తిరుగుతోంది. ఇద్దరూ నేను కల్పించిన మనుషులే. నా మొగ్గు ఆ పిల్ల వైపు కాస్త ఎక్కువని ముందే చెప్పేస్తున్నాను.

మేనకోడలు: మావయ్యా, పుట్టినప్పట్నుంచీ అడవిలోనే ఉన్నవాళ్లకి మనం వెళ్లి అడవి పెంచడం నేర్పుతామంటే మీకు సిగ్గనిపించేది కాదా?

మావయ్య: లేదమ్మా. ఆ మాటకి మీటింగుల్లో చప్పట్లు పడతాయి, అంతవరకే. వాళ్ల తాతలకి తెలిసిన అడవి వేరు, ఇవాళ వాళ్ల కళ్ల ముందున్న నేల వేరు. అప్పట్లో పోడు కొట్టి రెండు మూడేళ్లు పండించి వదిలేస్తే పది పదిహేనేళ్లు ఆ చెక్క జోలికి ఎవరూ వెళ్లేవారు కాదు. మోళ్లు చిగిర్చేవి, పక్క అడవి నుంచి గింజ వచ్చి పడేది, దానంతటదే కమ్ముకునేది. నాటాల్సిన అవసరమే వాళ్లకి రాలేదు. ఇప్పుడు పక్కన గింజ రాల్చే చెట్టే లేదు. పైమట్టి కొట్టుకుపోయి గులకరాళ్లు తేలాయి. మిగిలినచోట లాంటానా. ఆ కంప మనిషెత్తు లేచిందంటే దాని కింద ఇంకో మొలక బతకదు. అది మన మొక్క కూడా కాదు, అమెరికా ఖండంది. తోటలకి అందమని తెల్లదొరలు తెచ్చారు. దాన్ని ఎలా చంపాలో ఏ తాత చెబుతాడు?

మేనకోడలు: నరికేస్తే పోదా?

మావయ్య: చూశావా! నరికితే మొదట్లోంచి గుబురుగా మళ్లీ లేస్తుంది. పెళ్లగిద్దామని నేలంతా తవ్వితే మట్టి కదిలి, అందులో ఉన్న పాత గింజలన్నీ మొలుస్తాయి. ఢిల్లీ యూనివర్సిటీలో సి.ఆర్. బాబు గారి బృందం ఒక పద్ధతి చూపించింది. కాండం, వేరు కలిసేచోట, చిగురు పుట్టే భాగానికి కిందగా, నేల లోపల వేరు తెగ్గొట్టాలి. పొదని ఎత్తి తలకిందులుగా పడేసి ఎండనివ్వాలి. దెబ్బ రెండంగుళాలు పైన పడితే పనంతా వృథా. ఆ తర్వాత ఆ జాగాలో గడ్డి, నాటు మొక్కలు రావాలి. పిట్టలు వాలే చెట్ల కింద మళ్లీ మొలిచే లేత కంపని ఏడాదికోసారైనా పీకాలి. ఇదంతా ఎవరో ఒకరు చేతిలో పలుగు పెట్టి చూపించకుండా వస్తుందా?

మేనకోడలు: రాదు, ఒప్పుకుంటా. కానీ మీ తరగతుల్లో చెప్పింది ఇదేనా? మీరు అటకెక్కించిన శిక్షణ పుస్తకాలు నేను తిరగేశాను మావయ్యా. గుంట ఎంత లోతు, సంచిలో మట్టి, ఇసుక, పేడ ఎరువు ఏ పాళ్లలో, వరసకీ వరసకీ దూరమెంత. కూలికి కావాల్సినవన్నీ ఉన్నాయి. ఏ చెట్టు కావాలి, ఎక్కడ అసలు నాటకూడదు, డబ్బు ఎంతొచ్చింది, లెక్క ఎవరు చూస్తారు... నిర్ణయం తీసుకునేవాడికి కావాల్సింది ఒక్క పేజీ లేదు.

మావయ్య: అది పథకాన్ని బట్టి ఉంటుంది.

మేనకోడలు: పథకం సంగతే మాట్లాడదాం. 1990 జూన్ 1న కేంద్రం సర్క్యులర్ పంపింది, ఊరివాళ్లని కలుపుకొని అడవి కాపాడమని. 1992లో మన రాష్ట్రం జీవో ఇచ్చింది, వన సంరక్షణ సమితులు (వీఎస్ఎస్‌లు) పుట్టాయి. 1994 నుంచి ఒకసారి, 2002 నుంచి రెండోసారి ప్రపంచ బ్యాంకు డబ్బు పోసింది. ఉమ్మడి రాష్ట్రంలో వేల సమితులయ్యాయి. మొదటి విడతలో సమితి బ్యాంకు ఖాతా ఎవరి పేరున? అధ్యక్షుడిదీ ఫారెస్టరుదీ కలిపి. సంతకం మీది, చెమట వాళ్లది. ప్రాజెక్టు డబ్బు ఆగిపోయాక ఎన్ని సమితులు కాగితం మీద తప్ప ఇంకెక్కడైనా మిగిలాయి?

మావయ్య: చాలావరకు మిగల్లేదు. కానీ ఆ పదేళ్లలో మోళ్ల నుంచి లేచిన అడవిని కూడా లెక్కెయ్. గొడ్డలి ఆగితేనే మద్ది, చిరుమాను, తునికి ఎలా తిరిగి లేస్తాయో అందరం చూశాం. అసలీ ఆలోచనకి మూలం ఏమిటి? పశ్చిమ బెంగాల్, మిడ్నపూర్ జిల్లా, అరబరి. 1972లో ఎ.కె. బెనర్జీ అనే అటవీ అధికారి 11 ఊళ్లతో, 618 కుటుంబాలతో మాట్లాడుకున్నాడు. 1,272 హెక్టార్లలో పాడైపోయిన సాల (గుగ్గిలం) అడవి. కాపాడండి, చివర్లో అమ్మకం సొమ్ములో నాలుగో వంతు మీది అన్నాడు. గుగ్గిలం మోళ్లు చిగిర్చాయి. పదిహేనేళ్లకి అది అడవి. అధికారే లేకపోతే ఆ మాటలు జరిగేవి కావు.

మేనకోడలు: మీరే చెప్పారుగా, అక్కడ పనిచేసింది తరగతి కాదు, నాలుగో వంతు.

ఇక్కడ మావయ్య కాసేపు ఊరుకుని వేరే దారిలో వచ్చాడు. మంచి ఉపాధ్యాయుల అలవాటది, వాదం గెలవనప్పుడు పనిముట్టు బయటికి తీస్తారు.

మావయ్య: సరే, నువ్వన్నట్టు గుంటల పాఠం పక్కన పెట్టేద్దాం. నన్నడిగితే సగం కొండలకి గుంట అక్కర్లేదు. వర్షాలు పడ్డ నెలకి ఏ కొండవాలు మీదైనా వంగి గడ్డి తప్పించి చూడు. మోకాలెత్తు కూడా లేని మొలకలుంటాయి, ఉసిరి, రేల, నేరేడు, బిల్లుడు, ఏగిస. ఏటా మొలుస్తాయి, ఏటా ఎండకో గొడ్డుకో నిప్పుకో పోతాయి. వాటి పక్కన ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టు. చుట్టూ జానెడు మేర గడ్డి పీకి దాని మొదట్లోనే పరువు. మోడు నుంచి ఏడెనిమిది కొమ్మలు వస్తే నిటారుగా ఉన్న ఒకటో రెండో ఉంచి తక్కినవి కోసెయ్. అంతే. ఫిలిప్పీన్స్‌లో కోగన్ గడ్డి కొండల్ని ఇలాగే అడవి చేస్తున్నారు. అక్కడ గడ్డి కొయ్యరు, తాళ్లు కట్టిన పలక వేసి దాని మీద కాలేసి తొక్కుతూ పోతారు. కోసిన గడ్డి వారానికి లేస్తుంది, మడిచిన గడ్డి ఆలస్యంగా లేస్తుంది, నిప్పంటుకున్నా మెల్లగా కాలుతుంది. నాటడంతో పోలిస్తే ఖర్చు కొంచెమే.

మేనకోడలు: మరి ఇంత చవకైన పని మీరెందుకు చేయించలేదు?

మావయ్య: చేయించాం, తక్కువగా. ఎందుకంటావా, మంత్రిగారొస్తే చూపించడానికి ఏముంటుంది? వరసగా నాటిన టేకు ఫొటోలో కనబడుతుంది. గడ్డి మధ్య పుల్ల గుచ్చిన ఉసిరి మొలక కనబడదు. మొక్కకింత అని బిల్లు రాయొచ్చు, ఉన్న మొలకని బతికించినందుకు ఏమని రాస్తాం?

మేనకోడలు: ఇది మీ నోటివెంట వస్తుందనుకోలేదు.

మావయ్య: పెన్షన్ వస్తోంది కదమ్మా, ఇప్పుడు భయమేముంది. కానీ ఇంకోటి విను, నాటాల్సిన చోటు నాటాల్సిందే. అక్కడ గింజ గురించి తెలియాలి. ఇప్ప గింజ జూన్, జూలైలో రాలుతుంది. ఎండబెట్టి డబ్బాలో దాచావంటే కొన్ని వారాల్లో చచ్చిపోతుంది. వెంటనే విత్తాలి. టేకు కాయ దానికి పూర్తి విరుద్ధం, నానబెట్టి ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి ఎండబెడితే గాని పెంకు పగలదు. నర్సరీ సంచులు మేం నింపేది చలికాలంలో, వచ్చే వానలకి నాటడానికి. ఆ లెక్కకి ఇప్ప సరిపోదు, ఏడాది ముందే వెయ్యాలి. అందుకే ఏళ్ల తరబడి ఆఫీసు క్యాలెండరుకి సరిపోయిన చెట్లే అడవిలోకి వెళ్లాయి. నర్సరీ ఊళ్లోనే ఉండి, గింజ రాలిన వారంలో ఆడవాళ్లే ఏరి విత్తితే ఈ చిక్కుండదు.

మేనకోడలు: ఆడవాళ్లంటే గుర్తొచ్చింది. మీ హాజరు పట్టీల్లో పేర్లన్నీ మగవాళ్లవే. గింజలేరేది, కట్టెలు తెచ్చేది, ఏ ఇప్ప ఏటా కాస్తుందో, ఏది ఏడాది విడిచి ఏడాది కాస్తుందో తెలిసింది ఆడవాళ్లకి. రేంజ్ ఆఫీసులో మూడు రోజుల క్లాసంటే పసిపిల్లని ఎక్కడ పెట్టి వస్తారు? వచ్చినా పోస్టరు తెలుగులో. ఇంట్లో కువి మాట్లాడే ముసలమ్మకి తెలుగు పోస్టరు ఏం చెబుతుంది?

మావయ్య: అది నిజమే. తరగతి చెట్టు కింద పెట్టాలి, చెప్పేది వాళ్లమ్మాయి అయ్యుండాలి. అయితే నువ్వు ముసలమ్మ గురించి చెప్పావు, మనవడి గురించి చెప్పలేదు. ఇరవై ఏళ్ల కుర్రాణ్ని అడవిలోకి తీసుకెళ్లి పది చెట్ల పేర్లడుగు. ఆరేళ్లకి ఆశ్రమ పాఠశాల హాస్టల్లో చేరాడు, ఇంటర్ అయ్యేదాకా సెలవులకి తప్ప ఊరి మొహం చూడలేదు. తర్వాత విజయవాడలోనో హైదరాబాద్‌లోనో పని. తరతరాల జ్ఞానం అంటావు, ఆ తరానికీ ఈ తరానికీ మధ్య హాస్టలుంది. నేర్పక్కర్లేదన్న మాట ఆ కుర్రాడి ముందు చెప్పు.

ఇది మేనకోడలు జవాబు చెప్పలేకపోయిన మొదటి చోటు. హక్కుల కోసం పనిచేసే మిత్రులు చాలామంది ఈ ప్రశ్న దగ్గర కళ్లు తిప్పుకుంటారు. అడవి తెలిసిన ఊరు, అడవి తెలిసిన మనిషి ఒకటి కాదు. ఊరికి తెలిసినది ఊళ్లో నలుగురైదుగురు పెద్దల దగ్గర ఉండి, వాళ్లతోనే వెళ్లిపోతోంది. గోండి, కోయ, కువి మాట్లాడే పెద్దవాళ్లని జీతమిచ్చి గురువులుగా పెట్టి, ఆ ఊరి కుర్రాళ్లనే శిష్యులుగా కూర్చోబెట్టిన శిక్షణ ఏదైనా ఉంటే దానికి నేను సొంత ఖర్చుతో వెళ్లి చప్పట్లు కొడతాను.

మేనకోడలు: నేర్పొద్దని కాదు మావయ్యా నేననేది. నిప్పు సంగతే తీసుకోండి. ఏటా మార్చి వచ్చేసరికి అడవి తగలబెట్టొద్దని మైకుల్లో చెప్పిస్తారు. కేసులు పెడతామంటారు. అసలు ఎందుకు పెడతారు నిప్పు?

మావయ్య: నాకు తెలీకపోతే కదా. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. కింద ఎండాకు మందంగా పడి ఉంటుంది. అందులో పువ్వు ఏరుకోవడం కష్టం, పామూ తేలూ ఉంటాయని భయం. అందుకని చెట్టు కింద చిన్న మంట పెట్టి నేల శుభ్రం చేసుకుంటారు. గాలి వీస్తే ఆ మంట కొండెక్కుతుంది. ఇంకోటి తునికాకు. పొద కొట్టినా కాల్చినా కొత్త చిగురు మెత్తగా, వెడల్పుగా వస్తుంది, కట్టకి మంచి ధర పలుకుతుంది. కొన్నిచోట్ల కాంట్రాక్టరు మనుషులే అంటిస్తారు.

మేనకోడలు: ఆ మంటకి పెద్ద చెట్లు చావవు.

మావయ్య: చావవు, అదే మోసం. నేల మీద పాకే మంట మద్దినీ ఇప్పనీ ఏం చేయదు, బెరడు మందం. మోకాలి లోపు మొలకలన్నీ మాడిపోతాయి. ఏటా ఇలాగే జరిగితే ఏమవుతుంది? దూరం నుంచి చూస్తే నిండు అడవి, లోపలికెళితే పెద్దలే తప్ప పిల్లలు లేని ఊరు. ఆ చెట్లకి వయసైపోయాక వెనక ఎవరూ ఉండరు. నన్నడిగితే ఉష్ణమండలపు ఆకురాల్చే అడవికి నేర్పాల్సిన మొదటి పాఠం నిప్పు. నాటడం పదో పాఠం. ఎండాకు ఊడ్చి ఫిబ్రవరిలోపు ఫైర్ లైన్ గియ్యాలి. ఇప్ప చెట్టు కింద మంట బదులు చీపురు, లేకపోతే వల కట్టాలి. ఛత్తీస్‌గఢ్‌లో వలలు కట్టి పట్టిన పువ్వు శుభ్రంగా ఉంటుంది, ధర కూడా ఎక్కువొస్తుంది. ఉపగ్రహం నుంచి మంట కబురు ఫోనుకి వస్తోంది కదా ఇప్పుడు, ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు పంపుతారు. అది బీట్ ఆఫీసరు ఫోనుకే కాకుండా ఊరి కుర్రాళ్ల ఫోన్లకీ రావాలి.

మేనకోడలు: మీరిప్పుడు చెప్పినదాంట్లో ఒకటి గమనించారా? మైకులో చెప్పే మాటకీ దీనికీ తేడా ఉంది. వల ఇచ్చారు, ధర పెరిగింది, అప్పుడు మంట ఆగింది. మానేయమంటే మానేవాళ్లుండరు, మానితే ఏం చేయాలో చేతిలో పెట్టాలి.

మావయ్య: తపసి జిగురుకి సరిగ్గా అదే జరిగింది. గొడ్డలితో లోతుగా చెక్కేవారు, జిగురు ఎక్కువ కారుతుందని. రెండు మూడేళ్లకి చెట్టు ఎండిపోయేది. తర్వాత గిరిజన సహకార సంస్థ (జీసీసీ), విశాఖలోని కోవెల్ ఫౌండేషన్ కలిసి నేర్పాయి. చిన్న గాటు, లోతు లేకుండా, ఒకచోటు కాకుండా మార్చి మార్చి. జిగురు నేల మీద పడనీకుండా శుభ్రంగా బుట్టలోకి తీసి, రంగుని బట్టి వేరు చేసి అమ్మడం. చెట్టు మిగిలింది, తెల్ల జిగురుకి రేటు మారింది. దీన్ని శిక్షణ అనవా?

మేనకోడలు: అంటాను. మన ప్రాంతంలో నేను ఒప్పుకునే శిక్షణ ఏదని ఎవరడిగినా అదే చెబుతా. ఎందుకు పనిచేసిందో కూడా చెబుతా. చెట్టు నరికితే ఎవరికి నష్టం? గీసేవాడికే. కాపాడితే ఎవరికి లాభం? వాడికే. నేర్చుకున్నది మర్నాడే డబ్బుగా కనబడింది. మీ టేకు ప్లాంటేషన్‌లో కూలి తీసుకున్నవాడికి నలభై ఏళ్ల తర్వాత ఏం వస్తుంది? వాడికే తెలీదు, మీకూ తెలీదు.

మావయ్య: థాయ్‌లాండ్ సంగతి చెబుతా, దీనికేమంటావో చూద్దాం. చియాంగ్ మాయ్ యూనివర్సిటీలో 1994లో అడవి పునరుద్ధరణ కోసం ఒక పరిశోధన విభాగం పెట్టారు. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో పుట్టిన ఒక పద్ధతిని తమ కొండలకి మలుచుకున్నారు. ఆ చుట్టుపక్కల అడవిలో దొరికే వందల జాతుల్లోంచి ఇరవై ముప్పై ఎంచుతారు. త్వరగా పెరిగి నీడ పరిచి కలుపు చంపేవి, చిన్నప్పుడే పళ్లు కాసి పిట్టల్ని పిలిచేవి. దగ్గర దగ్గరగా, హెక్టారుకి మూడు వేల పైచిలుకు నాటి, రెండు వర్షాకాలాలు కలుపు తీస్తారు. ఆ తర్వాత పని పిట్టలది, గబ్బిలాలది. వాళ్లు నాటని జాతులు డెబ్భైకి పైగా ఎనిమిది తొమ్మిదేళ్లలో వచ్చి చేరాయి. చేసిందెవరు? బాన్ మే సా మాయ్ అనే హ్మాంగ్ గిరిజన గ్రామం. ఊళ్లోనే నర్సరీ, ఊరివాళ్లే మంటల కాపలా.

మేనకోడలు: ఆ ఊరు ఎక్కడుంది మావయ్యా?

మావయ్య: దోయ్ సుథేప్-పుయ్ నేషనల్ పార్కులో.

మేనకోడలు: నేషనల్ పార్కులో! పార్కు గీత గీశాక ఊరు లోపలుండిపోయింది. మేం అడవికి శత్రువులం కాదు, మమ్మల్ని ఉండనివ్వండి అని చూపించుకోవడానికి కూడా వాళ్లు నాటారు. ఊటనీళ్లు తగ్గాయన్న దిగులూ ఉంది, కాదనను. కానీ వెళ్లగొడతారేమోనన్న భయంతో నాటిన అడవిని మీరు శిక్షణ విజయమంటే నేనొప్పుకోను.

మావయ్య: భయంతో నాటారో ప్రేమతో నాటారో పిట్టకి తెలీదు. అడవి వచ్చింది.

ఇద్దరూ నవ్వారు గాని, ఆ మాటలో మావయ్య బలమూ బలహీనతా రెండూ ఉన్నాయనిపిస్తుంది నాకు. అడవిని చెట్ల వైపు నుంచి మాత్రమే చూస్తే ఆయనదే ఒప్పు. పాతికేళ్ల పాటు ఆ చెట్లకి కాపలా ఎవరుంటారని అడిగితే భయం అంతకాలం నిలవదు. నిలిచే కారణం ఇంకేదో కావాలి.

మేనకోడలు: అడవి వచ్చిందంటున్నారు. వచ్చిందో లేదో కొలిచేదెలా? ఫారెస్ట్ సర్వే లెక్కలో పది శాతం నీడ, ఒక హెక్టారు జాగా ఉంటే అడవే. మామిడి తోటా అడవే, జామాయిలూ అడవే. హిమాచల్‌లో దశాబ్దాల పాటు సర్కారు చేసిన నాటుడు మీద 2021లో ఒక అధ్యయనం వచ్చింది. అంత నాటినా ఆకు నీడ చెప్పుకోదగ్గంత పెరగలేదు, పల్లె బతుకులూ మారలేదని తేల్చారు. హిమాచల్ మనలాంటి ఉష్ణమండలం కాదు, ఒప్పుకుంటా. రోగం మాత్రం అదే.

మావయ్య: అందుకే ఊరివాళ్లకి లెక్కపెట్టడం నేర్పాలంటాను. పది మీటర్ల తాడుతో గుండ్రం గీసి, అందులో ఎన్ని జాతులు, ఎన్ని మొలకలు, కిందటేడు గుచ్చిన పుల్లల్లో ఎన్నింటి పక్కన మొక్క బతికుందో రాయడం. పదో తరగతి తప్పిన పిల్ల కూడా చేస్తుంది. ఆ నోటుబుక్కు ఊళ్లో ఉంటే మా ఆఫీసు లెక్కని ఊరు ప్రశ్నించగలదు. సరే, మన రాష్ట్రంలోనే ఒకటి చెప్పనా? అనంతపురం వైపు, చెన్నేకొత్తపల్లి దగ్గర కల్పవల్లి. 1990ల్లో టింబక్టు కలెక్టివ్ వాళ్లు ఊళ్లని కూడగట్టి మొదలుపెట్టారు. బోడి గుట్టలు. ఊళ్ల నుంచే కాపలా మనుషుల్ని పెట్టి, ఫైర్ లైన్లు గీసి, గింజ చల్లి వదిలేశారు. ఏడు వేల ఎకరాల పైమాట. ఈత, బోద గడ్డి, ముళ్ల అడవి, వాగుల్లో నీళ్లు. కరువు సీమలో. నేను చెప్పిన పాఠాలే ఇవి, కాదంటావా?

మేనకోడలు: కాదనను. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పండి.

మావయ్య: చెప్పు, నీకు అదే కావాలిగా.

మేనకోడలు: రెవెన్యూ రికార్డులో ఆ నేల బంజరు. ఇరవై ఏళ్లు పెంచినా రికార్డు మారలేదు. 2010 తర్వాత గాలిమరల కంపెనీ వచ్చింది. గుట్టల మీదికి రోడ్లు తవ్వారు, వాగులకి అడ్డం మట్టి పోశారు. పెంచినవాళ్లు ఆపలేకపోయారు. నైపుణ్యం ఉంది, క్రమశిక్షణ ఉంది, అడవి కూడా ఉంది. కాగితం లేదు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1) ఏం చెబుతోంది? ఊరు సంప్రదాయంగా కాపాడుకుంటూ వచ్చిన అడవిని రక్షించి, తిరిగి పెంచి, నిర్వహించుకునే హక్కు ఆ ఊరిది. గ్రామసభది. గడ్చిరోలిలో మెండా-లేఖ గ్రామం 2009లో ఆ హక్కు తీసుకుంది, 2011లో తమ వెదురు తామే అమ్ముకుంది. మన దగ్గరేం చేశారు? గ్రామసభకి ఇవ్వాల్సిన హక్కుపత్రాలు వీఎస్ఎస్‌ల పేరున రాసిచ్చారు. మీ ఫారెస్టరు కూర్చునే సమితి పేరున. కొన్ని ఊళ్లలో పోడు చేసుకునే చెక్కల్లోనే సమితి మొక్కలు నాటించారు. ఇప్పుడు ఆ ఊళ్లకి పచ్చని మొక్కని చూస్తే భయం. మీరు మళ్లీ బ్యానరు కట్టి నాటడం నేర్పుతామంటే వాళ్లకి వినిపించేది నేల లాక్కుంటామనే.

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు.

మావయ్య: కొన్ని కొత్తగా కొట్టిన పోళ్లు కూడా ఉన్నాయమ్మా, అన్నీ పాతవి కావు.

మేనకోడలు: ఏది కొత్తదో ఏది పాతదో తేల్చాల్సింది గ్రామసభ.

మావయ్య: తేలుస్తుంది, ఎప్పటికి? నీ దరఖాస్తు డివిజన్ స్థాయిలో ఎన్నాళ్లయింది?

మేనకోడలు: నాలుగేళ్లు.

మావయ్య: నాలుగేళ్లు. ఈ నాలుగు వానలకీ లాంటానా ఆగిందా? ముందు హక్కుపత్రం, తర్వాతే పలుగు అంటావు. హక్కు వచ్చేనాటికి ఊరికి కంప మిగులుతుంది. గింజ రాల్చే ఇప్ప చెట్టు ఒక్కటి పడిపోతే, దాని పిల్ల కాపుకి రావడానికి పదేళ్లు పైనే పడుతుంది. చట్టానికి వాయిదా ఉంటుంది, గింజకి ఉండదు.

ఇది మేనకోడలు జవాబు చెప్పలేకపోయిన రెండో చోటు. వరస విషయంలో మేనకోడలిదే ఒప్పని ఇప్పటికీ నా నమ్మకం: అధికారం లేనివాడికి నేర్పిన పని కూలి పనిగానే మిగులుతుంది. అయినా ఆ వరస కోసం కొండ ఆగదు. దీనికి సూటి జవాబు నా దగ్గర లేదు. వాళ్లిద్దరూ పట్టుకున్న పక్కదారి మాత్రం నాకు నచ్చింది.

మేనకోడలు: నా భయం ఏంటంటే, ఇప్పుడు మీవాళ్లు వచ్చి గుంటలు తవ్విస్తే ఆ నేల మీ రిజిస్టర్లో ప్లాంటేషన్ అని ఎక్కుతుంది. రేపు నా దరఖాస్తు వెనక్కి కొట్టడానికి అదే సాకవుతుంది.

మావయ్య: గుంటలు తవ్వకుండా చేద్దాం. ఫైర్ లైన్, లాంటానా, మోళ్ల కొమ్మలు, పుల్లలు గుచ్చడం. వీటిలో ఏదీ ప్లాంటేషన్ రిజిస్టర్లోకి ఎక్కదు.

మేనకోడలు: ఎవరి పేరున చేస్తాం? వీఎస్ఎస్ పేరున అయితే నేను రాను.

మావయ్య: గ్రామసభ తీర్మానం రాయించు. ఏ కొండ, ఏ హద్దు, ఎన్ని ఇళ్లు, ఏ నెలలో ఏ పని. నీ సరిహద్దు మ్యాపు కోసం కుర్రాళ్లు జీపీఎస్ పట్టుకుని తిరుగుతారుగా, ఆ తిరుగుడులోనే మొలకలు లెక్కపెట్టమను. ఆ నోటుబుక్కు నీ దరఖాస్తుకి సాక్ష్యం, నా అడవికి లెక్క.

మేనకోడలు: అది బాగుంది. అంటే సర్వే నేర్పే రోజునే చెట్టు లెక్కా నేర్పాలి. కానీ ఎవరు నేర్పుతారు? బీట్ ఆఫీసరొస్తే జనం రారు.

మావయ్య: బీట్ ఆఫీసరు రావాలమ్మా, నేర్పడానికి కాదు, నేర్చుకోవడానికి. అతను ఇరవై ఆరేళ్ల డిగ్రీ కుర్రాడు, బదిలీ మీద నిన్న వచ్చాడు. ఆ కొండ మీద ఏ ఊట ఏ నెలలో ఎండుతుందో అతనికెలా తెలుస్తుంది? ఆ ముసలమ్మతో రెండు రోజులు తిరగమను. నీ చట్టం కూడా అక్కడే చదివించు, నాకభ్యంతరం లేదు.

మేనకోడలు: కూలి ఎవరిస్తారు? ఉత్తినే చేయమంటే నేనొప్పుకోను.

మావయ్య: ఉపాధి హామీలో పెట్టించు.

మేనకోడలు: రిజర్వు ఫారెస్టులో పనంటే మీ డిపార్ట్‌మెంటు సరేననాలి.

మావయ్య: డీఎఫ్‌ఓ దగ్గరికి నేను వస్తాను. రిటైరైనవాడి మాట ఎంత చెల్లుతుందో చూద్దాం. చెల్లకపోతే ఫైర్ లైన్ వరకైనా ఊరే చేసుకుంటుంది, ఇప్ప చెట్లు వాళ్లవి కదా. ఫిబ్రవరి దాటితే లాభం లేదు, తీర్మానం జనవరిలోనే కావాలి.

మేనకోడలు: జనవరి 26న గ్రామసభ ఉంటుంది, అందులో పెట్టిస్తాను. మీరూ రావాలి. స్టేజీ మీద కాదు, కింద కూర్చోవాలి.

మావయ్య: కూర్చుంటాను. కానీ నేను లాంటానా గురించి చెబుతుంటే మధ్యలో సెక్షన్లు ఎత్తకు.

మేనకోడలు: మీరు టేకు ఊసెత్తకపోతే నేనూ ఎత్తను.